స్టోన్: ఉప్పు కోసం గోడ కట్టుకున్న ఊరు

క్రొయేషియాలోని డుబ్రోవ్నిక్ నగరానికి వెళ్ళేవాళ్ళలో ఎక్కువమంది స్టోన్‌ని దారిలో ఆగే ఊరిగానే చూస్తారు. పొద్దున్నే బస్సు దిగడం, గోడ మీద కాసేపు నడవడం, నాలుగు ఆల్చిప్పలు తినడం, మధ్యాహ్నం మూడింటికల్లా మళ్ళీ బస్సెక్కడం. ప్యాకేజీ టూర్లన్నీ దాదాపు ఇదే పద్ధతి. నేను చెప్పేది వేరు. డుబ్రోవ్నిక్‌లో ఒక రాత్రి తగ్గించుకునైనా సరే, స్టోన్‌లో పడుకోండి. కాకపోతే దీన్ని "చిన్న డుబ్రోవ్నిక్" అనుకుని మాత్రం వెళ్ళకండి. ఇక్కడ రాజభవనాల్లేవు, ఫొటోలకి పోజిచ్చే పాలరాతి వీధి లేదు. ఏడువందల ఏళ్ళ కింద ఏ పని కోసం ఈ ఊరు కట్టారో ఆ పని ఇంకా జరుగుతోంది. చూడాల్సింది అదే.

మేం జర్మనీలో ఉంటాం. మా ఆయన, నేను, ఇండియా నుంచి వచ్చిన మా అత్తయ్య కలిసి వెళ్ళాం. అత్తయ్యది చినగంజాం వైపు. ఆవిడ లేకపోతే ఈ ఊరు నాకు సగమే అర్థమయ్యేదని ఇప్పుడు అనిపిస్తుంది. ఎందుకో ఉప్పు దగ్గరికొచ్చాక చెప్తాను.

ముందు దారి సంగతి. స్టోన్ ఉండేది పెల్యెషాట్స్ అనే పొడవాటి ద్వీపకల్పం మొదట్లో, అది ప్రధాన భూభాగానికి అతుక్కునే సన్నటి చోట. డుబ్రోవ్నిక్ నుంచి వాయవ్యంగా సుమారు 55 కిలోమీటర్లు, కారులో గంట ప్రయాణం. స్ప్లిట్ నగరం వైపు నుంచి వచ్చేవాళ్ళకి మాత్రం కొన్నేళ్ళ కిందటిదాకా ఒక తలనొప్పి ఉండేది. దారిలో నెయుమ్ అనే ఊరి దగ్గర క్రొయేషియా తీరం తెగిపోయి, కాస్త దూరం బోస్నియా వస్తుంది. అంటే ఒకే దేశంలో ఒక చోటి నుంచి ఇంకో చోటికి పోవడానికి రెండుసార్లు సరిహద్దు దాటాలి.

ఈ వింత వెనక స్టోన్‌ని కట్టినవాళ్ళే ఉన్నారు. డుబ్రోవ్నిక్ ఒకప్పుడు రగూసా పేరుతో సొంత రిపబ్లిక్. దానికి వెనిస్ అంటే భయం. ఉత్తరాన వెనిస్ భూమికీ తమ భూమికీ నేరుగా హద్దు కలవకుండా, 1699లో కార్లోవిట్స్ సంధి సమయంలో నెయుమ్ ముక్కని ఒట్టోమన్ తుర్కులకి వదిలేశారు. మధ్యలో తుర్కులుంటే వెనిస్ వాళ్ళు దాటి రారని లెక్క. ఆ లెక్క అప్పటికి పనిచేసింది. తుర్కులు పోయారు, వెనిస్ పోయింది, రగూసా కూడా 1808లో నెపోలియన్ సేనల చేతిలో ముగిసింది. ఆ ముక్క మాత్రం బోస్నియాకి ఉన్న ఒకే ఒక్క సముద్రతీరంగా మిగిలిపోయింది. మూడు వందల ఏళ్ళ తర్వాత దానికి సమాధానంగా క్రొయేషియా పెల్యెషాట్స్ వంతెన కట్టుకుంది. పొడవు 2,404 మీటర్లు, కట్టింది చైనా కంపెనీ, డబ్బులో పెద్ద వాటా, 357 మిలియన్ యూరోలు, యూరోపియన్ యూనియన్‌ది. 2022 జులై 26న తెరిచారు. టోల్ లేదు. దాని మీద వెళ్తుంటే రెండు పక్కలా నీళ్ళు, ముందు కొండలు. మా ఆయన స్పీడు తగ్గించి నడిపితే వెనక కార్లవాళ్ళు ఊరుకోలేదు.

మనవాళ్ళకి ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం. క్రొయేషియా 2023 జనవరి 1న ఒకే రోజు షెంగెన్‌లోనూ (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమి) చేరింది, యూరోకీ మారింది. షెంగెన్ వీసా ఉంటే చాలు. కానీ సింగిల్ ఎంట్రీ వీసా ఉన్నవాళ్ళు గూగుల్ మ్యాప్ చూపించిందని నెయుమ్ మీదుగా వెళ్ళారనుకోండి, షెంగెన్ నుంచి బయటికి వెళ్ళిపోయినట్టే. మళ్ళీ లోపలికి రావడం కుదరదు. కారులో నావిగేషన్ పెట్టుకునేటప్పుడు వంతెన మీదుగానే వెళ్తోందా లేదా అని ఒకటికి రెండుసార్లు చూసుకోండి. అద్దె కారు బోస్నియాలోకి తీసుకెళ్ళాలంటే విడిగా కాగితాలు, విడిగా డబ్బు కూడా అడుగుతారు.

ఇక ఉప్పు. ఊరి గోడ ముందు నుంచే మడులు మొదలవుతాయి. రాళ్ళ గట్లు, మధ్యలో సన్నటి కాలవలు, ఉప్పు మోయడానికి చిన్న పట్టాలు, వాటి మీద తోసే ట్రాలీలు. టికెట్ కొన్ని యూరోలే. లోపలికి వెళ్తే పెద్దగా ఏమీ "చూపించరు". ఒక షెడ్డు, గుట్టగా పోసిన ఉప్పు, కొన్ని బోర్డులు. కొందరు ఇంటర్నెట్‌లో దీనికి ఒక్క స్టార్ ఇచ్చి "ఏముంది ఇక్కడ" అని రాసేది ఇందుకే.

అత్తయ్య మాత్రం గట్టు మీద నిలబడి కదల్లేదు. "చూడు అమ్మాయ్, మొదటి మడిలో నీళ్ళు పలచగా ఉన్నాయి, అటు పోయేకొద్దీ చిక్కబడుతున్నాయి. మనూళ్ళోనూ ఇంతే. ఒక మడి నుంచి ఇంకో మడికి నీళ్ళు తోలతారు" అంది. నిజంగానే పద్ధతి అది. సముద్రపు నీటిని లోపలికి తీసుకుని, వరుసగా మడుల్లోంచి పంపుతూ ఎండకీ గాలికీ ఆవిరి కానిస్తారు. చివరికి ఉప్పు గట్టిపడే మడుల్లోకి చేరుస్తారు. మొత్తం 58 మడులు. ఉప్పు పేరుకునేవి తొమ్మిది. వాటిలో ఎనిమిదింటికి క్రైస్తవ మునుల పేర్లు, ఒకదానికి మాత్రం ముందో, అంటే లోకం అని పేరు. వేసవంతా ఎండ కాస్తే ఉప్పు, మధ్యలో వాన పడితే కష్టమంతా కరిగిపోవడమే. "వాన పడితే ఏం చేస్తారో అడుగు" అంది అత్తయ్య. అక్కడున్న పనివాడు చేతులు తిప్పి ఆకాశం వైపు చూపించాడు. ఆ జవాబు ఆవిడకి బాగా నచ్చింది. "అక్కడా అంతే" అంది నవ్వుతూ.

యూరప్‌లోకెల్లా పాత ఉప్పు మడులు ఇవేనని ఇక్కడివాళ్ళు చెప్పుకుంటారు. అలాంటి మాటలు నేను పెద్దగా పట్టించుకోను, ప్రతి ఊరికీ ఒక "మొట్టమొదటిది" ఉంటుంది. ఈ మడుల కోసమే రగూసా ఇంత ఖర్చు పెట్టిందన్నది మాత్రం కాగితాల మీద ఉన్న చరిత్ర. 1333లో రగూసా వాళ్ళు స్టోన్‌నీ పెల్యెషాట్స్‌నీ డబ్బిచ్చి కొనుక్కున్నారు. అమ్మినవాళ్ళు ఇద్దరు: సెర్బియా రాజు స్టెఫాన్ దుషాన్, బోస్నియా పాలకుడు స్టెపాన్ కొట్రొమానిచ్. ఇద్దరూ ఈ నేల మాదంటే మాదన్నవాళ్ళే, అందుకే ఇద్దరికీ ఇచ్చారు. వ్యాపారుల తెలివంటే ఇదీ. యుద్ధం చేస్తే అయ్యే ఖర్చుకంటే ఇద్దరికీ డబ్బివ్వడం చవక.

కొన్న మరుసటి ఏడాదే గోడ మొదలుపెట్టారు. ఆ కాలంలో ఉప్పంటే వంటింటి సరుకు కాదు, ఖజానా. మాంసం, చేప, జున్ను నిలవ ఉండాలంటే ఉప్పే. కొండల అవతల బోస్నియాలోకి గుర్రాల మీద బారులుగా ఇక్కడి నుంచి ఉప్పు పోయేది. ఆ అమ్మకం రగూసా తన చేతిలోనే పెట్టుకుంది. ఉప్పు మీద ప్రభుత్వ గుత్తాధిపత్యం ఏమిటో మన తీరానికి కొత్తగా చెప్పక్కర్లేదు. బ్రిటిష్ వాళ్ళ ఉప్పు పన్ను గురించి అత్తయ్య తన మామగారి దగ్గర విన్న కథలు ఆ పూటంతా చెప్తూనే ఉంది.

ఇప్పుడు ఇక్కడ పనిచేసేది కొద్దిమందే. వేసవిలో ఉప్పు ఎత్తే సమయానికి వేరే దేశాల నుంచి కుర్రాళ్ళు వాలంటీర్లుగా వస్తారు. వసతి, తిండి పెడతారు, పొద్దున పూట పని, మిగతా సమయం సముద్రం. కాలేజీ పిల్లలున్నవాళ్ళు ఇలాంటిదొకటి ఉందని గుర్తుంచుకోండి. బయట కొట్లో చిన్న సంచుల్లో అమ్ముతారు, కిలో సంచి కూడా దొరుకుతుంది. కల్లుప్పు, బూడిద రంగు ఛాయ, ఏమీ కలపనిది. అత్తయ్య కొన్నది ఆవకాయకట. ఆవకాయకి ఇది పనికొచ్చింది కూడా.

గోడ గురించి ప్రతి వెబ్‌సైటూ "యూరప్ చైనా గోడ" అంటుంది. వినడానికి బావుంటుంది గానీ పోల్చుకుని వెళ్తే నవ్వొస్తుంది. మొదట కట్టింది సుమారు ఏడు కిలోమీటర్లు, ఇప్పుడు మిగిలింది అయిదున్నర. నలభై బురుజులు, అయిదు కోటలు ఉండేవి. కొండకి ఒక వైపు స్టోన్, అవతల ఇంకో వైపు మాలి స్టోన్, అంటే చిన్న స్టోన్. రెండింటి మధ్య కొండెక్కి దిగుతుంది గోడ. ద్వీపకల్పపు మెడ మీద అడ్డంగా గీత గీసినట్టు. శత్రువు భూమి మీద నుంచి ఉప్పు దాకా రాకూడదు, అంతే ఉద్దేశం. దాని పనిలో ఫ్లోరెన్స్ నుంచి వచ్చిన మికెలొట్సో లాంటి పేరున్న శిల్పుల చెయ్యి కూడా ఉంది.

టికెట్ మనిషికి పది యూరోల చుట్టూ ఉంటుంది. డుబ్రోవ్నిక్ గోడ టికెట్‌తో పోలిస్తే ఇది చాలా తక్కువ, జనం అసలే ఉండరు. నేను రెండూ ఎక్కాను. నడక కోసమైతే స్టోన్ గోడకే నా ఓటు. డుబ్రోవ్నిక్ గోడ మీద వేసవిలో ముందువాడి వీపు చూస్తూ నడవాలి. అయితే ఇక్కడ ఎక్కడం నిజంగా ఎక్కడమే. మెట్లు నిటారుగా, ఎత్తు పల్లాలుగా, నీడ అన్నది లేదు. స్టోన్ వైపు మొదటి భాగం ఒకటి గుండ్రంగా తిరిగి కిందికి దిగిపోతుంది. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి అది చాలు, మడులు, ఎర్ర పెంకుల కప్పులు, గళ్ళు గీసినట్టున్న వీధులు అక్కడి నుంచే బాగా కనిపిస్తాయి. కొండ దాటి మాలి స్టోన్‌లో దిగేది మాత్రం ఓపికున్నవాళ్ళకే. పొద్దున ఎనిమిదింటికి మొదలెట్టండి, లేదా సాయంత్రం. మధ్యాహ్నం జులైలో ఎక్కినవాళ్ళ మొహాలు చూశాను, జాలేసింది. నీళ్ళు మీరే తీసుకెళ్ళాలి, పైన ఏమీ దొరకదు. మేం అత్తయ్యని కింద కాఫీ షాపులో కూర్చోబెట్టి ఎక్కి, మాలి స్టోన్ వైపు దిగి, రోడ్డు పట్టుకుని నడిచి వెనక్కి వచ్చాం. రోడ్డు మీద ఒక కిలోమీటరే.

గోడ ఇంత బాగుండటానికి కారణం, మరమ్మతు కొత్తది కావడం. పందొమ్మిదో శతాబ్దంలో ఆస్ట్రియా పాలనలో దీని రాళ్ళు పీకి వేరే కట్టడాలకి వాడుకున్నారు. తర్వాత 1991 యుద్ధంలో ఈ ప్రాంతం మీద బాంబులు పడ్డాయి. అది తేరుకోకముందే 1996 సెప్టెంబర్ 5న భూకంపం, తీవ్రత 6.0. స్టోన్, పక్కన స్లానో బాగా దెబ్బతిన్నాయి. ఇళ్ళు బీటలు వారాయి, జనం చాలాకాలం బయటే ఉండాల్సొచ్చింది. ఇప్పటికీ వీధుల్లో తిరుగుతుంటే ఒక ఇల్లు పూలకుండీలతో కళకళలాడుతుంది, దాని పక్కనే ఒకటి తలుపులకి పలకలు కొట్టేసి కప్పు లేకుండా ఉంటుంది. టూరిస్టు ఫొటోల్లో ఈ రెండోది రాదు. గోడని ఇప్పుడు చూసుకునేది డుబ్రోవ్నిక్ ప్రాచీన కట్టడాల మిత్రుల సంఘం. టికెట్ డబ్బులు మరమ్మతులకే పోతాయి కాబట్టి ఇవ్వడానికి మనసొప్పుతుంది.

ఊరి మీద ఉన్న గుట్టెక్కితే సెయింట్ మైఖేల్ చర్చి ఉంది. చిన్న గది అంత. లోపల పదకొండో శతాబ్దపు కుడ్య చిత్రాలు, వాటిలో చేతిలో చర్చి నమూనా పట్టుకుని నిలబడిన ఒక రాజు. ఇప్పటి మాంటెనెగ్రో ప్రాంతంలో ఉండే దుక్ల్యా రాజ్యపు రాజు మిహాయిలో అని చరిత్రకారులు అనుకుంటారు. రగూసా వాళ్ళు ఈ ఊరు కొనడానికి దాదాపు రెండు వందల యాభై ఏళ్ళ ముందటి బొమ్మ. తలుపు తాళం వేసి ఉండే అవకాశం ఉంది, కొండెక్కే ముందే ఊళ్ళో కనుక్కోండి. లోపల చూడటం కుదరకపోయినా పైనుంచి మడులు కనిపించే తీరు బాగుంటుంది.

ఇప్పుడు ఆల్చిప్పలు. అసలు స్టోన్ పేరు చెప్తే క్రొయేషియా వాళ్ళకి గుర్తొచ్చేది గోడ కాదు, ఇవి. మాలి స్టోన్ ముందున్న ఖాతంలో సముద్రపు నీటితో పాటు నేల కింది ఊటల మంచినీళ్ళు, నెరెత్వా నది నీళ్ళు కలుస్తాయి. ఆ ఉప్పదనం పాళ్ళు ఆల్చిప్పలకి సరిగ్గా సరిపోతాయట. ఖాతాన్ని 1983 నుంచి ప్రత్యేక సముద్ర రిజర్వ్‌గా కాపాడుతున్నారు. ఇక్కడ పెంచేది చదునుగా, గుండ్రంగా ఉండే యూరప్ దేశవాళీ రకం. ఫ్రాన్స్‌లో మామూలుగా దొరికే పొడుగాటి రకం పసిఫిక్ నుంచి తెచ్చింది. యూరప్‌లో చాలా చోట్ల ఈ దేశవాళీ జాతి జబ్బులతో దాదాపు పోయింది, ఇక్కడ నిలబడింది. 1936లో లండన్‌లో జరిగిన ప్రదర్శనలో వీటికి బంగారు పతకం వచ్చిందని ప్రతి హోటల్ మెనూలోనూ రాసి ఉంటుంది.

పడవ టూర్ తీసుకున్నాం. చిన్న పడవ, నడిపేవాడే రైతు. ఖాతం మధ్యలో తాళ్ళు వేలాడుతుంటాయి, పిల్ల చిప్పలని జతలుగా సిమెంటుతో తాడుకి అంటించి నీళ్ళలోకి దించుతారు. తినే సైజు రావడానికి రెండు మూడేళ్ళు. తాడు పైకి లాగి కత్తితో తెరిచి, నిమ్మకాయ పిండి చేతికిచ్చాడు. మా ఆయన తిన్నాడు, మళ్ళీ అడిగాడు. నాకు మొదటిది గొంతులో దిగడానికి టైం పట్టింది, సముద్రం మింగినట్టే ఉంది. రెండోది నచ్చింది. మస్సెల్స్‌ని మాత్రం వెల్లుల్లి, వైన్‌తో ఉడికించి పెట్టారు. అవి ఎవరికైనా నచ్చుతాయి, కొత్తవాళ్ళు వాటితో మొదలెట్టడం మేలు.

రైతుని తన కష్టాల గురించి అడిగితే ఒక చేప పేరు చెప్పాడు. డొరాడా. ఈ చేపలు గుంపులుగా వచ్చి చిప్పలు కొరికి తినేస్తాయి. అందుకే తాళ్ళ చుట్టూ వలలు కడుతున్నారు, ఖర్చు పెరుగుతోంది. హోటల్లో అదే చేప కాల్చి ప్లేటు ఖరీదుగా పెడతారు, అది వేరే కథ.

టూర్ ధర ఒక్కొక్కరికీ ఒక్కోలా ఉంటుంది. తినడానికి ఎన్ని ఇస్తారో, వైన్ లెక్కలో ఉందో లేదో ముందే అడగండి. మాలి స్టోన్ ఒడ్డున రెస్టారెంట్లలో ఒక్కో ఆల్చిప్ప రెండు మూడు యూరోలు. అదే రైతుల దగ్గర, ఖాతం ఒడ్డున బిస్ట్రినా వైపు రోడ్డు పక్కన కొనుక్కుంటే తక్కువ. రుచిలో తేడా నాకు తెలియలేదు. ఒడ్డున ఉన్న రెస్టారెంట్లలో ఒకచోట మేం ఆర్డరివ్వని బ్రెడ్డుకీ ఆలివ్ నూనెకీ మనిషికింతని బిల్లులో వేశారు. అడిగితే "ఇక్కడ పద్ధతి" అన్నారు. పద్ధతే కావచ్చు, బల్ల మీద పెట్టేటప్పుడు చెప్తే బాగుండేది. బ్రెడ్డు వద్దనుకుంటే వెంటనే చెప్పేయండి.

శాకాహారుల సంగతి చెప్పాలి, ఎందుకంటే అత్తయ్య గుడ్డు కూడా ముట్టదు. నిజం చెప్తే ఇది వాళ్ళ ఊరు కాదు. మెనూ అంతా సముద్రమే. బ్లిత్వా అని బంగాళదుంప, పాలకూరలాంటి ఆకు, వెల్లుల్లి, ఆలివ్ నూనె వేసి ఉడికించేది ఒకటుంది, అది దాదాపు అన్నిచోట్లా దొరుకుతుంది, బాగుంటుంది. కాల్చిన కూరగాయలు, పిజ్జా, జున్ను. అంతకుమించి ఆశ పెట్టుకోవద్దు. నల్ల రిసొట్టో చూసి వెజ్ అనుకునేరు, అది స్క్విడ్ సిరాతో చేసేది. అందుకే వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకోవడమే మంచిది. ఊళ్ళో చిన్న సూపర్‌మార్కెట్ ఉంది, బియ్యం, పెరుగు, టమాటాలు దొరుకుతాయి. పచ్చిమిర్చి మీద ఆశ వదులుకోండి.

స్టోన్ కేకు గురించి కూడా చెప్పాలి. మాకరోనీతో చేస్తారు! ఉడికించిన మాకరోనీ, అక్రోటు, బాదం, చాక్లెట్, పంచదార, గుడ్లు అన్నీ పొరలుగా వేసి పిండి రేకులో చుట్టి కాలుస్తారు. కోస్తే ముక్కలో మాకరోనీ గొట్టాలు చిల్లులుగా కనిపిస్తాయి. మా ఆయన సేమ్యా పాయసం గట్టిపడినట్టుందన్నాడు. నాకు మాత్రం ఒక ముక్కకి సరిపోయింది, రెండో ముక్క అడగను.

బసకి మూడు రకాలున్నాయి. స్టోన్ పాత ఊళ్ళో అపార్ట్‌మెంట్లు, మాలి స్టోన్ ఒడ్డున చిన్న రాతి హోటళ్ళు, నాలుగు కిలోమీటర్ల దూరంలో ప్రాప్రాట్నో బీచి దగ్గర క్యాంపింగ్. మేం మొదట పాత ఊళ్ళో దిగాం. యాడ్‌లో పార్కింగ్ ఉందని రాశారు. వచ్చాక తెలిసింది, పార్కింగ్ ఊరి బయట పబ్లిక్ స్థలం, పెట్టెలు సందుల్లో మెట్ల మీద మోసుకెళ్ళాలి. ఏసీకి రోజువారీ విడి చార్జీ కూడా వేశారు. ఇల్లుగలామె మంచిదే, అంజూరాలు తెచ్చిచ్చింది, కానీ డబ్బు దగ్గర గట్టి. మడులు దగ్గర కాబట్టి సాయంత్రం దోమలు. ఇంత చెప్పినా మళ్ళీ వెళ్తే అక్కడే దిగుతాను. సాయంత్రం అయిదు తర్వాత బస్సులన్నీ వెళ్ళిపోయాక ఊరు ఊరివాళ్ళకి మిగులుతుంది. పిల్లలు గోడ కింద బంతి ఆడతారు, ముసలివాళ్ళు కుర్చీలు బయటికి తెచ్చుకుంటారు, పనివాళ్ళు రబ్బరు బూట్లతోనే కాఫీకి కూర్చుంటారు. స్టోన్‌లో ఉండేది కొన్ని వందలమందే. చదువుకున్న కుర్రాళ్ళు ఉద్యోగాలకి డుబ్రోవ్నిక్ వైపు వెళ్తారని ఇల్లుగలామె చెప్పింది. ఆవిడ కొడుకూ అంతే, వేసవిలో మాత్రం ఆల్చిప్పల పడవకి వస్తాడట.

తర్వాత మాలి స్టోన్ ఒడ్డుకి మారాం. అక్కడ గది ఖర్చెక్కువ, కిటికీ తీస్తే నీళ్ళు. కొత్తగా పెళ్ళైనవాళ్ళకి అదే బాగుంటుంది. కానీ రాత్రి పదయ్యాక రెస్టారెంట్లు మూసేస్తే చేసేదేం లేదు, కొట్టు కూడా స్టోన్‌లోనే. పిల్లలున్నవాళ్ళకి ప్రాప్రాట్నో. ఈ తీరంలో అరుదైన ఇసుక బీచి, నీళ్ళు చాలాదూరం లోతు ఉండవు. మల్యెత్ ద్వీపానికి ఫెర్రీ అక్కడి నుంచే.

కారు లేకపోతే ఆలోచించుకోండి. డుబ్రోవ్నిక్ నుంచి బస్సులున్నాయి గానీ రోజుకి కొన్నే, ఆదివారాలు ఇంకా తక్కువ. చివరి బస్సు పోతే టాక్సీకి మీ గది అద్దెంత అవుతుంది. కారుంటే పెల్యెషాట్స్ లోపలికి ఒక పూట వెళ్ళి రావచ్చు. డింగాచ్ అనే నిటారు ఏటవాలు మీద ద్రాక్ష తోటలు, కొండలోంచి తవ్విన ఇరుకు సొరంగం దాటితే సముద్రం మీదకి తెరుచుకుంటాయి. ప్లవాట్స్ మాలి అనే ద్రాక్షతో చేసే ఎర్ర వైన్ ఘాటుగా ఉంటుంది. ఒరెబిచ్ దాకా వెళ్తే కోర్చులా ద్వీపానికి ఫెర్రీ. ఒకప్పుడు ఈ బండ్లన్నీ స్టోన్ పక్క నుంచే పోయేవి. ఇప్పుడు వంతెనతో పాటు బైపాస్ కూడా రావడంతో ఊరి దగ్గర రద్దీ తగ్గింది. ఇల్లుగలామెకి అది సంతోషమే. ఆగి కాఫీ తాగే లారీవాళ్ళు పోయారని కాఫీ షాపాయన మాత్రం గొణిగాడు.

అత్తయ్యకి ఈ ప్రయాణంలో చర్చిలన్నీ ఒక్కలాగే కనిపించాయి, ఒక్క పేరు తప్ప. ఊరి పెద్ద చర్చి సెయింట్ బ్లేజ్‌ది, ఇక్కడ స్వేతి వ్లాహో అంటారు. డుబ్రోవ్నిక్‌నీ కాపాడే ముని ఆయనే. గోవాలో గండౌలిం అనే ఊళ్ళో అదే మునికి చర్చి ఉంది, పదహారో శతాబ్దంలో రగూసా వర్తకులు వచ్చి స్థిరపడి కట్టించారని చెబుతారు. మిరియాల కోసం వచ్చినవాళ్ళన్నమాట. "ఉప్పు వీళ్ళ దగ్గరుంది, కారం కోసం మన దగ్గరికొచ్చారు" అని తేల్చేసింది అత్తయ్య.

ఎప్పుడు వెళ్ళాలన్నది మీరు దేనికోసం వెళ్తున్నారన్నదాన్ని బట్టి. ఉప్పు ఎత్తడం చూడాలంటే వేసవి చివర, ఎండకి సిద్ధపడి. నడకకి మే, అక్టోబర్. ఆల్చిప్పలు లావుగా ఉండేది ఫిబ్రవరి, మార్చిలో. మార్చి 19 సెయింట్ జోసెఫ్ పండుగ చుట్టూ ఆల్చిప్పల సంబరం చేస్తారు, దానికి వచ్చేవాళ్ళలో విదేశీయులకంటే డుబ్రోవ్నిక్, స్ప్లిట్ జనమే ఎక్కువ. చిక్కేమిటంటే చలికాలంలో చాలా అపార్ట్‌మెంట్లు, కొన్ని రెస్టారెంట్లు మూసి ఉంటాయి. కాబట్టి మార్చిలో వెళ్ళాలనుకుంటే ముందు ఇల్లుగలవాళ్ళకి ఫోన్ చేసి తెరిచారా, హీటర్ ఉందా అని అడిగి, ఆ తర్వాతే విమానం టికెట్ కొనండి.